టకటక ఇంటి చీటీ

టక్. టక్. టక్.

తలుపు తట్టబోయిన గువ్వ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

చప్పుడు కూడా ఆగిపోయింది.

మధ్యాహ్నం మూడున్నర. అయినా ఆ వీధిలో పొద్దుగూకినట్టే ఉంది. ఒక పక్క మూతపడ్డ ఐస్ ఫ్యాక్టరీ గోడ. రెండో పక్క ఆరు ఇళ్ళు. ఐదింటి కిటికీలకి దుమ్ము పట్టిన తెరలు; అవి ఖాళీవేనని అందరూ అంటారు. అన్నిటికంటే చివరిది ఈ ఆకుపచ్చ తలుపు ఇల్లు. పిల్లలు దీన్ని టకటక ఇల్లు అంటారు.

"ఆ ఇంట్లో మనుషులుండరే! చప్పుడొక్కటే ఉంటుంది," అని క్లాసులో సోడాబుడ్డి చెప్పాడు. లావు కళ్ళద్దాలు పెట్టుకుంటాడని వాడికా పేరు. "దగ్గరికెళితే ఆగుతుంది. వెనక్కి తిరిగావా, మళ్ళీ మొదలు. నమ్మకపోతే నువ్వే వెళ్ళి చూడు."

గువ్వ ఒక అడుగు వెనక్కి వేసింది. రెండు. మూడు.

టక్. టక్. టక్.

ఇంకేముంది, కాళ్ళకి బుద్ధి చెప్పింది. వదులు చెప్పు సర్రుసర్రుమంటుంటే ఫ్యాక్టరీ గోడ మలుపు తిరిగేదాకా ఆగలేదు.

చేతిలో ఖాళీ చీటీ అలాగే ఉంది.

గువ్వ వాళ్ళ పిన్ని దర్జీ. ఈసారి ఊరి మేయర్ పదవికి పోటీ చేస్తోంది. ఆమె మీద పోటీకి దిగిన లారీల ఓనరు వీధికి నాలుగు పోస్టర్లు అంటించాడు. వాటి నిండా ఆయన పళ్ళే. పిన్ని పోస్టర్లు వేయలేదు. ఇంటింటికీ చీటీ పంపింది. దాని మీద ఒకటే ప్రశ్న: 'మీ వీధికి ఏం కావాలి?'

"కొలత తీసుకోకుండా చొక్కా కుడతామా? ఊరైనా అంతే," అంటుంది పిన్ని. "ఈ చీటీలే నా టేపు."

ఇల్లిల్లూ తిరిగి జవాబులు రాసుకొచ్చే పని గువ్వ పట్టుబట్టి తీసుకుంది. "ఎవరింట్లోకీ అడుగు పెట్టకు. గుమ్మం బయటే నిలబడు," అని పిన్ని పదిసార్లు చెప్పి మరీ పంపింది.

గువ్వ గోడకి ఆనుకుని పెన్సిల్ తీసింది. 'ఏమీ వద్దు. అంతా బాగుంది' అని రాసింది. తన రాతలా కనబడకూడదని అక్షరాలు వంకరటింకరగా రాసింది.

పిన్ని షాపులో కటింగ్ బల్ల మీద పెద్ద ఖాకీ కాగితం పరిచి ఉంది. దాని మీద సుద్దతో ఊరంతా గీసింది పిన్ని. ప్రతి వీధి దగ్గరా గుండుసూదులతో గుచ్చిన చీటీలు. సాయంత్రం ఆరింటికి టౌన్ హాల్లో పోటీదార్లంతా మాట్లాడాలి. ఈ కాగితమే అక్కడ గోడకి తగిలించి, ఏ వీధికి ఏం చేస్తుందో పిన్ని చెబుతుంది.

"చివరి ఇల్లు కూడా అయిపోయిందా! మా బంగారుకొండే!" అంది పిన్ని చీటీ అందుకుంటూ. "ఎవరున్నారు లోపల?"

"ఎవరో... తాతగారు."

"ఎలా ఉన్నారు?"

"బాగానే ఉన్నారు."

"ఏమీ వద్దన్నారా? చిత్రంగా ఉందే! ఆ వీధిలో లైటు కూడా వెలగదనుకున్నానే."

గువ్వ తల మాత్రం ఊపింది. ఒక అబద్ధం చెబితే, దాని చుట్టాలన్నీ వచ్చి కూర్చున్నాయి.

పిన్ని కాగితం అంచుకి గుడ్డ పట్టీ కుట్టడానికి మిషన్ తొక్కింది. టకటకటక. గువ్వ ఉలిక్కిపడింది. మిషన్ ఆగింది. గువ్వ చెవుల్లో మాత్రం ఆగలేదు. టక్. టక్. టక్. మూడు కొట్టి ఆగుతోంది. ఎవరైనా పలుకుతారేమోనని ఆగినట్టు.

ఫ్యాన్ గాలికి చీటీలన్నీ రెపరెపలాడుతున్నాయి. గువ్వ సొంతంగా రాసేసిన చీటీ ఒక్కటే కదలడం లేదు.

"హాల్లో గోడ చిన్నది, ఇంత కాగితం పట్టదు," అంది పిన్ని. "ఏ లోటూ లేని వీధి గురించి చెప్పేదేముంది? ఈ మూల మడిచేస్తా."

మడిచేసింది. ఐస్ ఫ్యాక్టరీ వీధి మాయమైపోయింది. ఆరు ఇళ్ళూ, ఆకుపచ్చ తలుపూ కాగితం కిందకి వెళ్ళిపోయాయి. మడత నిలవడానికి పిన్ని ఇస్త్రీపెట్టె ఎత్తింది.

కాగితం కింద ఏదో టక్‌మన్నట్టయింది.

"వద్దు పిన్నీ!" గువ్వ మడత మీద రెండు చేతులూ అడ్డం పెట్టేసింది. "ఆ చీటీ నేనే రాశాను. తాతగారెవరూ లేరు. అసలు నేను తలుపే తట్టలేదు."

పిన్ని తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి గడియారం చూసింది. నాలుగున్నర.

"తప్పుడు కొలతతో కుట్టి, ఆ చొక్కా ఎవరికి తొడగమంటావే?" అంది మెల్లగా. "పద. నేనూ వస్తాను. తట్టేది మాత్రం నువ్వే."

వీధి మొదట్లోనే వినబడింది. టక్. టక్. టక్. పిన్ని గువ్వ భుజం పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది. పిన్నికీ భయమేనన్నమాట! అది తెలిశాక గువ్వకి ఎందుకో కాస్త ధైర్యం వచ్చింది.

తలుపు తట్టింది.

చప్పుడు ఆగిపోయింది. ఆ తర్వాత ఏమీ లేదు. కాళ్ళు పారిపోదామంటున్నాయి. గువ్వ పళ్ళ బిగువున నిలబడింది.

చాలాసేపటికి, లోపల ఏదో నేల మీద ఈడ్చినట్టు వినబడింది. ఆగింది. మళ్ళీ ఈడ్చింది. గడియ కిర్రుమంది. తలుపు బెత్తెడు తెరుచుకుంది. చీకట్లో ఒక పాలిపోయిన ముఖం. ఒక చేతికర్ర.

"వచ్చావా?" అంది ముసలి గొంతు. "ఇందాక వచ్చినదానివి నువ్వేగా? నీ కుడికాలి చెప్పు వదులు."

గువ్వ తన చెప్పు వంక చూసుకుంది. "మీ... మీకెలా తెలుసు?"

"అడుగుల చప్పుడు వినడం తప్ప నాకు పనేముంది తల్లీ?" ముసలావిడ కర్ర మీద వాలింది. "మా అబ్బాయి తెల్లారే డ్యూటీకి పోతే చీకటి పడ్డాకే రాక. ఎవరికైనా వినబడుతుందని కిటికీ మీద కర్రతో కొడుతుంటాను. అడుగులు వినిపిస్తే ఆపేస్తాను. ఆపకపోతే, మీరు తలుపు తట్టినా నాకు వినబడదు కదా! కానీ ఎవరూ తట్టరు. తట్టినా, నేను లేచి వచ్చేలోపు వెళ్ళిపోతారు."

గువ్వ తలెత్తలేకపోయింది. కొత్త చీటీ తీసింది.

"బామ్మగారూ, మీ వీధికి ఏం కావాలి?"

"దీపం వెలిగించమను. చీకటని ఎవరూ ఇటు రావట్లేదు." ఆవిడ చీటీ వైపు కాస్త వంగింది. "ఇంకోటి కూడా రాస్తావా? తలుపు తట్టినవాళ్ళు కాస్త ఆగాలి."

గువ్వ ఆ మాటలే రాసింది. ఈసారి తన సొంత రాతలో, గుండ్రంగా.

"ఆ రెండోది నా ఒక్కదాని వల్ల కాదండీ," అంది పిన్ని. "కానీ హాల్లో అందరికీ చదివి వినిపిస్తాను."

వెనక్కి తిరగబోతుంటే ముసలావిడ పిలిచింది. "పక్కింటి వాళ్ళనీ అడగండి. నేను మూడు కొడితే, అప్పుడప్పుడూ వాళ్ళు రెండు కొట్టి పలుకుతారు."

పిన్ని ఆశ్చర్యపోయింది. "పక్కిల్లు ఖాళీ కదండీ?"

"ఎవరు చెప్పారమ్మా? తట్టి చూశారా?"

పక్కింటి మెట్ల మీద దట్టంగా దుమ్ము. ఒక్క అడుగు గుర్తయినా లేదు. గువ్వ వాటి మీద తన చెప్పుల గుర్తులు వేసుకుంటూ ఎక్కింది.

"ఐదవుతోందే!" అంది పిన్ని.

"ఒక్క నిమిషం పిన్నీ. కొలత మిగిలిపోయింది."

తలుపు తట్టింది. చీటీ తీసి అరచేతిలో పరుచుకుంది. పెన్సిల్ సరిగ్గా పట్టుకుంది.

ఎంతకీ ఏ అలికిడీ లేదు. తర్వాత, లోపల్లోపల ఏ గదిలోంచో...

టక్. టక్.

గువ్వ కదల్లేదు. "ఫరవాలేదండీ, నెమ్మదిగా రండి," అంది తలుపుతో. "నేను ఇక్కడే ఉంటాను."