వెనక క్యారియర్ మీద దిండు

"వెనక క్యారియర్‌కు ఆ దిండెందుకు కట్టినవ్? చెప్పవేందయ్యా!"

రెబెక్క అడిగినదానికి విజయ్ కుమార్ తలైనా ఎత్తలేదు. "టైమయితుంది, జర జరుగు" అంటూ రైతుబజారు గేటు దాటి సైకిల్ తొక్కుకుంటూ వెళ్లిపోయాడు. ఇన్నేళ్ల కాపురంలో అడిగిన మాటకు జవాబివ్వకుండా పోయిన మనిషేనా!

సరూర్‌నగర్‌లో కూరగాయలు కొని ఎల్బీనగర్ హాస్టళ్ల వంటగదులకు చేర్చడం అతని పని. తాళ్లు బిగించేది మాత్రం రెబెక్కే. బరువంతా వెనకే వేయాలి, ముందు పడితే హ్యాండిల్ చేతిలో నిలవదని నేర్పింది అతనే! అలాంటిది ఈ మధ్య ఆలుగడ్డల బస్తా ముందు క్యారియర్ ఎక్కింది. వెనకేమో మెత్తటి దిండు! కూరగాయలకు దిండెందుకమ్మా? కూర్చునేది మనిషైతే తప్ప! ఆ మనిషెవరో పక్కింటి పుష్పలత సగం చెప్పనే చెప్పింది. "చంపాపేట్ల ఎవరినో ఎక్కించుకుంటుంటే చూసిన అక్కా... ముసుగేసుకుంది" అని. ఆ రోజు రెబెక్కకు అన్నం సహించలేదు. ఏడవడానికి కూడా మనసు రాలేదు, అంత మండిపోయింది!

మరునాడు ఆటో ఎక్కి వెంటపడింది. చంపాపేట్ సందు మలుపులో దొరికాడు! ముందు బస్తా, వెనక దిండు మీద కొంగు కప్పుకున్న ఆడమనిషి. తొక్కడం కూడా లేదు, అపురూపంగా నడిపించుకుంటూ పోతున్నాడు!

"ఎవతే నువ్వు? సిగ్గు లేదా? నా సంసారమే దొరికిందా నీకు!" రెబెక్క అరుపుకు పాలబూత్ దగ్గర జనమంతా తిరిగి చూశారు.

"రెబెక్కా... నోరు మూసుకో!" విజయ్ కుమార్ ముఖం పాలిపోయింది.

కొంగు మెల్లగా జారింది. కళ్లకు నల్లద్దాలు, ఎముకలు తేలిన చెంపలు... అరుణమ్మ! కన్నతల్లి! మూటలు మోసేవాడని అల్లుణ్ని నలుగురిలో చులకన చేసిందని, నా గడప తొక్కొద్దంటూ రెబెక్క తానే వెళ్లగొట్టిన తల్లి!

"కండ్లు కనిపిస్తలేవు ఆమెకు. మీ తమ్ముడు జగన్ పట్టించుకుంటలేడు. కొడుకే గట్లుంటే ఏం జేస్తది? దవాఖానకు నేనే తోల్కపోతున్న. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకుంది. సరుకు ఆపితే హాస్టలోళ్లు ఊకోరు, గందుకే రెండూ ఒక్క సైకిల్ మీదనే..." అతను ఒరుగుతున్న బస్తాను సర్దాడు. "రెబెక్కా, ఎన్ని మాటలన్నవే!"

అరుణమ్మ గాలిలో చేయి తడిమింది.

"తిట్టనియ్యి బిడ్డా... రెండేండ్లాయె దాని గొంతు ఇనక!"

రెబెక్క ఆ చేతిని ముఖానికి అదుముకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఎంత పాపిష్టి నోరమ్మా నాది!

"ఇద్దరూ ఒకదిక్కు ఒరగకుండ్రి! ముందు బస్తా ఉన్నది!" విజయ్ కుమార్ హ్యాండిల్ బిగబట్టి కంగారుపడ్డాడు.

రెబెక్క కన్నీళ్లు తుడుచుకుంది. తల్లి నడుము చుట్టూ చేయి వేసి పట్టుకుంది.

"దవాఖానకు యాళ్లయితుంది. నడువయ్యా, నేను పట్టుకున్న."