అరువు కాళ్లు

“మీటబండిని మీరు అడగాలమ్మా. మీట తిప్పితే సాయం చేస్తుంది, లేకపోతే ఊరుకుంటుంది. తోడుబండిని అడగక్కర్లేదు. మీ కాళ్ల సంగతి దానికి మీకంటే బాగా తెలుసు.”

హైమ రెండు విద్యుత్ సైకిళ్లనూ పక్కపక్కన నిలబెట్టి చెబుతోంది. విశాఖలో పెట్రోలు బళ్లు కనుమరుగై ఒక తరం గడిచింది. బడికైనా, ఆస్పత్రికైనా సైకిలే దిక్కు. ఏ బండి ఎవరికి నప్పుతుందో పోల్చి చెప్పే పోలికశాలలో హైమ ఉద్యోగం.

“ఒంట్లో బాగాలేని రోజున?” అడిగింది కొనడానికి వచ్చిన ఆవిడ.

“ఒక్కరోజు బద్ధకానికి తోడుబండి మోసపోదండీ. నెలల తరబడి మీరు తొక్కిన తీరు గుర్తుపెట్టుకుని, దాన్నిబట్టే సాయం...”

వేలసార్లు చిలకపలుకుల్లా చెప్పిన మాట, చెవికెక్కింది ఈరోజే.

ఆమె భర్త పైడిరాజు ఎదురుగా ఉన్న ఓడరేవులో సరుకు ఎత్తుతాడు. అక్కడివాళ్లకు తోడుబండి తప్పనిసరి. అది చూపించే కాలిబలం తగ్గితే పని ఊడినట్టే. మొన్న వానల్లో వచ్చిన జ్వరం అతని గుండెను దెబ్బతీసింది. అప్పుడు ఉపాయం చెప్పింది హైమే. తోడుబండి మనిషి మొహం చూడదు, చేతికున్న కడియాన్ని గుర్తుపడుతుంది. అప్పటినుంచి నెలల తరబడి ఇద్దరూ కడియాలు, బళ్లు మార్చుకుని ఇంటి నుంచి కొండదారిన కలిసి వచ్చేవాళ్లు. ఓడరేవు గేటు దగ్గర ఎవరివి వాళ్లు తీసుకునేవాళ్లు. ఆమె బండి అతని నీరసం తెలుసుకుని ఎగువకు మెత్తగా మోసుకొచ్చేది. అతని బండి మాత్రం తన యజమాని గట్టిపిండమని నమ్మింది. ఎంత బాగా బురిడీ కొట్టించామో అని నవ్వుకున్నారు కూడా, పాపం.

ఈరోజు నుంచి కొండ మొదట్లోనే మొహాలు కూడా చూస్తామన్నారు ఓడరేవువాళ్లు. అతనికి మధ్యాహ్నం షిఫ్టు. హైమ పొద్దున్నే తన బండి మీద వచ్చేస్తూ, అతని బండి అతనికి వదిలి, అతని కడియం అతనికి తొడిగింది.

“నెమ్మదిగా తొక్కు మావా. ఆయాసమొస్తే దిగిపో.”

“దిగితే లెక్కలో పడతాది కదే. బండి సూసుకుంటాదిలే. నువ్వు బెంగెట్టుకోకు.”

చూసుకుంటుందనే ఆమె కూడా అనుకుంది. ఆ బండికి తెలిసింది తన కాళ్లేనని ఇంతవరకూ తట్టలేదు. అతను బయల్దేరే వేళ దాటింది.

కొనడానికి వచ్చిన ఆవిడను అలాగే వదిలేసి హైమ బయటికి పరుగెత్తి తన బండి ఎక్కింది. కాలు మోపిందో లేదో, బండి కొండ మీదికి దూసుకుపోయింది. ఆమె తొక్కబోయినా తొక్కనివ్వలేదు. పొద్దున వచ్చేటప్పుడూ ఇంతే, కానీ ఎందుకో అప్పుడు ఆలోచించలేదు. రోగిని తీసుకెళ్తున్నట్టు ఎగుడుదిగుళ్లు తప్పిస్తూ, బుజ్జగిస్తున్నట్టు ముందుకు సాగింది. ఆ సాయమంతా అతని కోసం నేర్చుకున్నదే. హైమకు ఏడుపు తన్నుకొచ్చింది.

కొండ నెత్తికి చేరి అవతలివైపు చూసింది. మలుపు దగ్గర పైడిరాజు రోడ్డు పక్కన చేరగిలబడి ఉన్నాడు. చొక్కా తడిసి ముద్దయింది. పెదాలు నల్లబడ్డాయి. పక్కన పడిన బండి తీయని గొంతుతో అంటోంది: “మీ కాలిబలం చక్కగా ఉంది. సాయం అవసరం లేదు.”

హైమ అతని తల ఒళ్లోకి తీసుకుంది. “దిగిపోమన్నాను కదా మావా! ఎందుకు దిగలేదు?”

“పైకొచ్చీసేననుకున్నాను...” అతను ఊపిరి కూడదీసుకుని ఆమె పాదాల వంక చూశాడు. అతని ముఖంలో నింద లేదు, ఆశ్చర్యమే ఉంది. “ఇంత బరువు... రోజూ తొక్కీసేవా? నాకొక్కపాలి కూడా సెప్పలేదే.”

హైమ సాయం కోసం కేకలు వేసింది. దారిన పోయేవాళ్లు బళ్లు దిగి పరుగున వచ్చారు. వాళ్లలో ఒకాయన పైడిరాజు కడియం తిప్పి, దాని మీద బండి పంపిన కాలిబలం లెక్క చూసి, “మనిషి బాగానే ఉన్నాడమ్మా, ఇందులో అంతా బాగుందనే ఉంది,” అన్నాడు.

“అవి నా కాళ్లు బాబూ!” అంది హైమ. ఆయనకు అర్థం కాలేదు. ఆమె ఒడిలో పైడిరాజు తల అప్పటికే పక్కకు వాలిపోయింది.