నల్లరాతి గోడ కింద హోమం

మిట్టమధ్యాహ్నం... అయినా చిమ్మచీకటి! కారుమబ్బులు క్వారీని మూతలా కమ్మేశాయి. ఆ గుంతలో ఎక్కడో గుడ్లగూబ అరిచింది... పట్టపగలు గుడ్లగూబ!

ఆరు పలకల నల్లరాతి స్తంభాలు వందలుగా ఒరుసుకుని నిలిచిన గోడ అది. ఒకానొక యుగంలో భూగర్భం కక్కిన అగ్నిద్రవం చల్లారి, బిగిసి, నిలువునా పగిలి అలా అయింది. తాతలు అందులోంచి తిరగళ్లు తొలిచారు. తండ్రులు రోడ్లకు కంకర కొట్టారు. పని ఆగాక నీళ్లు నిలిస్తే చేపలు పెంచారు. ఇప్పుడు ఎండిన ఆ అడుగున, గోడ మొదట్లో, కపాలంతో క్షుద్రమాంత్రికుడు బూడిదస్వామి!

పొద్దు పొడిచినప్పటినుంచి హోమజ్వాలలు రాతిని నాకుతూనే ఉన్నాయి. ఎదుట సమ్మెటమ్మ కోడలు... విరబోసిన జుట్టు, తేలిపోయిన కళ్లు, గొంతులో ఎవరిదో గురగుర! హోమం ముగియగానే ఆమె ప్రాణం కపాలంలోకి పోతుంది.

ముప్పై ఏళ్లు రాళ్లు కొట్టిన సమ్మెటమ్మ గుంతలోకి దిగింది.

"ఆగు ముసలీ! ఇంకో అడుగేస్తే రక్తం కక్కుకుని చస్తావు!"

"కక్కితే కడుక్కుంటాలే. నా కోడల్ని వదులు."

"నా అగ్నికి లోకాలే వణుకుతాయి!"

ఆమె అగ్నిని చూడలేదు. వెనక గోడను చూసింది. కాలిన రాయి చిటచిటమంటోంది.

"ఒరే తిక్కసన్నాసీ! మందుగుండు రాకముందు మా మామగారు బండలెలా పగలగొట్టేవారో తెలుసా? పొద్దంతా మంట, ఆపైన కడవెడు చన్నీళ్లు! పొద్దుట్నుంచీ మా కూలిపని నువ్వే చేస్తున్నావు!"

బూడిదస్వామి ముఖం పాలిపోయింది. హోమం ముగియందే తన చుట్టూ గీసుకున్న ముగ్గుగీత దాటితే ఆ మంత్రం తననే మింగేస్తుంది! వికృతంగా అరుస్తూ కపాలం ఎత్తాడు. సమ్మెటమ్మ ముక్కులోంచి రక్తం బొటబొటా కారింది... ముంజేత్తో తుడుచుకుంది! హోమం పక్కనున్న మంత్రజలం కడవ ఎత్తి, రాతి మొదట్లోకి విసిరి, కోడల్ని రెక్క పుచ్చుకు ఈడ్చుకుంటూ పరుగెత్తింది.

ఫెళ్... ఫెళఫెళఫెళ!

భూగర్భంలో పుట్టిన రాయికి అతని మంత్రం వినబడలేదు. స్తంభం మీద స్తంభం... కపాలం పిండయింది. కేక సగంలోనే ఆగిపోయింది.

దుమ్ము అణిగింది. కోడలు కళ్లు తెరిచింది, తన కళ్లే.

"అత్తా... వాడు మళ్లీ లేస్తాడా?"

"లేవనీవే! కొట్టడానికి మనకి రాళ్లే కావాలా ఏంటి? వాడూ పనికొస్తాడు!"