తొమ్మిదివందలో అక్షరం

"పదకొండుకి సాక్షుల రక్షణ కోసం వెబ్ పేజీ తెరుచుకుంటుంది. నలభై ఒక్కమంది సాక్షులు తాము దాక్కున్న చిరునామాలు అందులో కొడతారు. అవి వాళ్లు సాక్ష్యం చెప్పబోయే విదేశీ ముఠాకి చేరాయా, సాయంత్రానికి ఒక్కరూ మిగలరు. పేజీ కోడులో ఎవరో కన్నం పెట్టారట, వెతుకు," అన్నాడు కర్నల్ బెర్రుత్తి.

ఏజెంట్ మిర్తా ఎచెవెర్రీ సాక్షుల జాబితా అందుకుంది. ఆ నలభై ఒక్కరిలో ఆమె అన్న అతీలియో ఒకడు.

పదింటికల్లా మోంటెవిడియో నగరం పాతపేటలో ఆ పేజీ తయారుచేస్తున్న వెబ్ ఆఫీసులో, కొత్త ప్రోగ్రామర్ వేషంలో, ఆ ఊళ్లో అందరిలాగే చంకలో వేడినీళ్ల థర్మాస్‌తో చేరిపోయింది. పేజీని అచ్చువేసే కోడు, టెంప్లేట్ అంతా గాలించింది. ఏమీ దొరకలేదు. ఒక్క వరుస మాత్రం తెర అంచు దాటి కుడికి పోతూనే ఉంది.

"ఆ వరుసను రెండుగా విరగ్గొట్టకు తల్లీ, బటన్ల మధ్య సందులొస్తాయి. ఇక్కడెవరూ దాని జోలికి పోరు," అంది టీమ్ లీడర్ ఫియొరెల్లా, సెంటు గుబాళిస్తూ. ఆమె కూడా కర్నల్ మనిషే. మిర్తా అలాగే నమ్మింది.

పదకొండుకి ఇంకా మూడు నిమిషాలు. ఫియొరెల్లా అటు తిరగగానే మిర్తా కుడి బాణం నొక్కి పట్టుకుంది. మూడువందల అక్షరాలు. ఆరువందలు. తర్వాత అంతా ఖాళీ. తొమ్మిదివందల దగ్గర, రెండు బ్రాకెట్ల మధ్య ఒక ఆజ్ఞ. కొట్టిన ప్రతి చిరునామానూ విదేశీ సర్వరుకు పంపమని.

పక్కటెముకలకు లిప్‌స్టిక్ గొట్టం ఆనింది.

"ఇందులో రంగు లేదు, విషపు సూది ఉంది. చేతులు తియ్యి," అంది ఫియొరెల్లా.

 మిర్తా చేతులు తీస్తూ, చిటికెన వేలితో ఆజ్ఞ మధ్యలో ఎంటర్ కొట్టింది. ఆ ఆఫీసులో కొట్టింది కొట్టినట్టే సేవ్ అవుతుంది.

ఫియొరెల్లా కిసుక్కున నవ్వింది. "ఇదా నీ ఘనకార్యం? లైను విరిగితే పేజీకేమవుతుందే పిచ్చిమొహమా. సందొస్తే రానీ."

పేజీకి ఏమీ కాదు, నిజమే. టెంప్లేట్ ఆజ్ఞ మాత్రం ఒకే వరుసలో ఉండి తీరాలి. మధ్యలో విరిగితే అది ఆజ్ఞ కాదు, ఉత్త అక్షరాలు.

పదకొండు కొట్టింది. పేజీ తెరుచుకుంది. ముఠా సర్వరు పేరుతో సహా ఆ ఆజ్ఞంతా బటన్ల కింద బట్టబయలుగా అచ్చయి ఉంది. ఫియొరెల్లా పట్టు సడలింది. మిర్తా థర్మాస్‌లోని వేడినీళ్లు ఆమె మణికట్టు మీద కుమ్మరించింది. కేకలకు బయట కాపున్న కర్నల్ మనుషులు లోపలికి వచ్చారు.

మిర్తా ఖాళీ థర్మాస్ కింద పెట్టింది. ఫోన్ మోగింది. అతీలియో.

"మీ ఆఫీసు పేజీయేనా ఇది? నిండా ఏవో పిచ్చి గీతలు. పని తెలిసినవాళ్లు ఒక్కరూ లేరా అక్కడ?"

"ఒకావిడ ఉండేది అన్నయ్యా," అంది మిర్తా కళ్లు తుడుచుకుంటూ. "ఇప్పుడే బేడీలేసి తీసుకెళ్లారు."