పెద్దదొర గొంతు

ట్రాయ్ తీరంలో, యుద్ధానికి వచ్చిన గ్రీకులు ఒడ్డుకు లాగిన ఓడల వరస చివర ఒక మట్టిదిబ్బ ఉండేది. చీకటి పడ్డాక ఒంటేలుకు కూడా ఎవరూ అటు పోయేవారు కాదట... దిబ్బలోంచి గుటకల చప్పుడు వస్తుందని చెప్పుకునేవారు.

దిబ్బ కింద సమాధిలో ఉన్నది ఫిలాకే అనే ఊరి దళానికి పెద్దదొర, ప్రొటెసిలావస్. ఈ నేల మీద మొదట కాలు పెట్టినవాడు చస్తాడని జోస్యం. మహావీరులంతా "ముందు మీరు", "అబ్బే, ముందు మీరే" అని మర్యాదలు పోతుంటే, ఈయన దూకేశాడు. పోయాడు. దళం భారం ఆయన తమ్ముడు పొదార్కీస్ నెత్తిన పడింది.

పాపం, మనిషి మంచివాడే. కానీ ఏం చెప్పినా సైనికులు "పెద్దదొర ఉంటేనా..." అని నిట్టూర్చేవారు. ఆ రోజైతే పోరుకు రమ్మంటే ఒక్కడూ లేవలేదు. రేపు కూడా లేవకపోతే దళాన్ని ఇంకొకరికి అప్పగిస్తానని సేన మొత్తాన్నీ నడిపే పెద్ద రాజు కబురు పెట్టాడు.

ఆ రాత్రి పొదార్కీస్ అన్నతోనే తేల్చుకుందామని దిబ్బ దగ్గరికి వెళ్ళాడు.

గుట్... గుట్... గుట్...

అతని పేరుకు చురుకుపాదాలవాడని అర్థం. ఆ పాదాలు కాస్తా ఇసుకలో పాతుకుపోయాయి. దిబ్బ అవతల ఏదో కదిలింది... ఆ తర్వాత — బ్రేవ్‌మని త్రేన్పు.

దెయ్యాలు త్రేన్చవు. సాయంత్రం అన్న కోసం దిబ్బ దగ్గర తను నైవేద్యంగా పెట్టిన ద్రాక్షసారాను ఎవరో లాగించేస్తున్నారు. భయం పోయి ఒళ్ళు మండింది.

"ఎవడ్రా గాడిదా, చచ్చినోడి నోటికాడది తాగేది? ఫో!"

అన్నదమ్ములిద్దరిదీ ఒకటే గొంతు. తాగుతున్న ఇద్దరు సైనికులూ కూజా వదిలేసి, ఒకడి మీద ఒకడు పడుతూ పరుగు లంకించుకున్నారు.

తెల్లారేసరికి దళమంతా ఈటెలు పట్టుకుని బారులు తీరి ఉంది. ముసలి సైనికుడు లికోన్ ముందుకొచ్చి, రాత్రి పెద్దదొర తమతో మాట్లాడాడని చెప్పాడు.

పొదార్కీస్ నవ్వు ఆపుకుంటూ, ఏమన్నాడేమిటని అడిగాడు.

"ముందు గాడిదా అని తిట్టారు చిన్నదొరా. పరిగెత్తాం. ఓడల దాకా వచ్చాక... చెవి పక్కనే, మెల్లిగా అన్నారు. 'రేపు మా పిచ్చుక వెనకాల నడవండ్రా' అని. పిచ్చుకంటే తమరేనేమో అనుకున్నాం... తప్పయితే క్షమించాలి."

పొదార్కీస్ నవ్వు ఎక్కడికి పోయిందో. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే దుప్పట్లో పడుకుని గుసగుసలాడుకునే రోజుల్లో అన్న అతన్ని అలా పిలిచేవాడు. ఆ పేరు అన్నకు తప్ప ఇంకెవరికీ తెలీదు.