పంపినవారితో సంబంధం

ఆ అమ్మాయికి విదేశం నుంచి నెలకో పార్సెల్ వచ్చేది. పంపేది ప్రతిసారీ ఒకే మగాడు, పైన రాసేది ఒకే మాట: గిఫ్ట్.

కస్టమ్స్ కౌంటర్లో వాటి మీద ముద్ర గుద్దేది నేనే. ఆమె నవ్వుతూ సంతకం పెట్టి వెళ్ళిపోయేది. నేను ఆ పూటంతా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడేవాణ్ణి కాదు. ఆరు నెలలు ఇదే వరస.

ఏడో పార్సెల్ ఆపేశాను. రూలు ప్రకారమే లెండి. ఇన్ని గిఫ్టులొస్తే విచారించాలి. కానీ ఏ రూలునీ అంత హుషారుగా నేనెప్పుడూ పాటించలేదు.

మర్నాడే ఆమె విసవిసా వచ్చింది.

"నా పార్సెల్ ఎందుకాపారు?"

"పంపినవారితో మీ సంబంధం ఏమిటో రాయాలండి," అని ఫారం ముందుకు తోశాను.

"ఏ సంబంధమూ లేదు."

"ఊరికే నెలనెలా గిఫ్టులు పంపుతాడా?" నా గొంతులో ఉడుకుమోత్తనం నాకే వినిపించింది.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ఆయనకి కొట్టుందండీ. నేను వాచీలు బాగుచేస్తాను. పాతవాటి స్ప్రింగులు ఇక్కడ దొరక్క ఆన్‌లైన్లో కొంటాను. గిఫ్టని రాయొద్దు మహాప్రభో అని నాలుగు మెయిళ్ళు పెట్టాను. నాకు పన్ను తప్పించి ఉపకారం చేస్తున్నాననుకుంటున్నాడు."

బిల్లులన్నీ కౌంటర్ మీద పరిచింది.

ఆరు నెలలుగా స్ప్రింగుల కొట్టు మీద కుళ్ళుకున్నానన్నమాట. సిగ్గుతో తలెత్తలేకపోయాను. లోపల మాత్రం ఎగిరి గంతేయాలనిపించింది.

"పన్ను కట్టేస్తే ఇచ్చేస్తానండి," అన్నాను బుద్ధిగా.

"కడతాను. ముందు మీ వాచీ ఇటివ్వండి. ఎప్పుడో ఆగిపోయినట్టుంది, చూసుకోలేదా?"

వారం తర్వాత చిన్న పొట్లం తెచ్చి నా ముందు పెట్టింది. పైన మా ఆఫీసు ఫారమే అంటించింది. వస్తువు: బాగుచేసిన వాచీ. మజూరీ: గిఫ్ట్. సంబంధం అన్నచోట ఖాళీ.

"ఇది నింపలేదేం?" అన్నాను.

"ఆఫీసరుగారు విచారించి తేల్చాలి కదా."

"విచారణంటే మీ ఇంటికి రావాల్సి ఉంటుంది మరి."

"ఆదివారం రండి. కౌంటర్లో మూతి ముడుచుకుని కూర్చునే మనిషి గురించి ఆరు నెలలుగా ఇంట్లో చెబుతున్నాను. నాన్నగారు ఒకసారి చూడాలంటున్నారు."

ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆదివారానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. వాచీ బాగానే నడుస్తోందట, ముల్లు కదులుతోందంటే నాకే నమ్మకం కుదరడం లేదు.