కుడి ఫ్లోట్

1998 జూలై 22, బుధవారం. పొద్దున్నంతా వాన, మధ్యాహ్నం తెరిపి, సాయంత్రానికి పడమటి గాలి మళ్ళీ లేచింది.

మాల్దీవుల్లో మా కంపెనీకి ఉన్నది ఒకటే నీటి విమానం. చక్రాల బదులు కింద రెండు పొడవాటి ఫ్లోట్లు. యజమాని కెప్టెన్ ఈసా మానిక్ తానే నడిపేవాడు, నేను తాళ్ళు కట్టేవాణ్ణి. ఇద్దరికీ చెప్పులుండేవి కావు. తెల్లవారగానే చేతిపంపుతో ఫ్లోట్లలోకి ఊరిన నీళ్ళు తోడటం కూడా నా పనే. తిరువనంతపురంలో బీయస్సీ చదివొచ్చి నీళ్ళు తోడుతున్నాడని మా మామ దెప్పేవాడు. ఆయన చేపలెండబెట్టడం గురించి నేనెప్పుడూ ఏమీ అనలేదు.

ఆ సాయంత్రం చివరి ప్రయాణికుడు కెప్టెన్ తమ్ముడు జౌఫర్, రిసార్టులో వంటవాడు. సముద్రంలో లంగరేసిన చెక్క తెప్ప మీద దింపితే రిసార్టు పడవ వచ్చి తీసుకెళ్తుంది. అది వచ్చేదాకా మనిషిని ఒంటరిగా వదలకూడదు. కానీ చీకటి పడితే మేము మాలే చేరి నీటి మీద దిగలేం.

"అదిగో పడవ, వచ్చేస్తోంది," అన్నాడు కెప్టెన్.

"అది చేపల పడవలా ఉందన్నా."

"నీకు మీ వదిన కూడా చేపలాగే కనిపిస్తుంది. దిగు."

జౌఫర్ నవ్వుతూ దిగాడు. "పొద్దున్నే వస్తావుగా?"

"రాకేం చేస్తానురా."

మేము మాలే వెళ్ళిపోయాం. అది చేపల పడవే. రాత్రంతా గాలివాన. పొద్దున్నే వెళ్ళాం. తెప్ప ఉంది. దాని మీద జౌఫర్ చెప్పులు పక్కపక్కన, పొడిగా ఉన్నాయి. జౌఫర్ లేడు.

మర్నాడు విమానం కుడివైపు ఒరిగి ఉంది, ఆ ఫ్లోట్ మీద ఒక మనిషి నిలబడినట్టు. పంపు పెట్టి లాగాను. గాలి తప్ప ఏమీ రాలేదు. నీళ్ళు చేరకుండా, బరువు పడకుండా ఫ్లోట్ దిగదు. నా చదువులో మిగిలింది ఆ ఒక్క ముక్కే.

"తోడు," కెప్టెన్ గొంతు తగ్గించి అన్నాడు.

"లోపలేమీ లేదు కెప్టెన్."

"తోడవయ్యా హుమైద్..."

లాగాను. ఈసారి వాసన వచ్చింది. వేగిన ఉల్లిపాయ... కరివేపాకు... వంటవాడి చేతుల వాసన. ఫ్లోట్ ఇంకాస్త దిగింది. లోపలెవరో సర్దుకుని కూర్చున్నట్టు.

కెప్టెన్ పెదవులు కదిలాయి. "వచ్చాను కదరా..."

ఆ తర్వాత ఇన్నేళ్ళూ ఆయన ప్రతి ఉదయం ముందు ఆ తెప్ప దగ్గర దిగి, కాసేపు ఆగి, అప్పుడే ప్రయాణికుల కోసం వెళ్ళేవాడు. కుడి ఫ్లోట్ మాత్రం పైకి లేవలేదు. వచ్చిన మెకానిక్కులంతా తల గోక్కుని వెళ్ళారు.

పోయిన రంజాన్‌కు ముందు కెప్టెన్ పోయాడు. ఇల్లు భార్యకు, విమానం కూతురు షాజ్లాకు వచ్చాయి. ఆయన చెప్పి పోయాడని చేతిపంపు నాకిచ్చారు. తమ్ముడు బతికుంటే అతనికీ వాటా ఉండేదన్నాడు ఖాజీ. లేడు కనుక జౌఫర్‌కు ఏమీ రాలేదు.

విమానం ఇప్పుడు నిటారుగా తేలుతోందని షాజ్లా సంబరంగా చెప్పింది.

పంపు ఇంటికి తెచ్చుకున్న మర్నాటి నుంచీ నా చిన్న పడవ కుడివైపు ఒరుగుతోంది. ఈ పొద్దున కూడా తోడి చూశాను. నీళ్ళు రాలేదు.